అరవై ఒకటో పేజీ తర్వాత

మా నాన్నగారు పోయిన ఏడాదిన్నరకు ఆయన పుస్తకాలన్నీ ఇంట్లోంచి పంపించేశాను. నిర్ణయం నాదే. ఆయన బతికుంటే ఒప్పుకునేవారు కాదని తెలిసే చేశాను.

ఆయన పేరు సత్యవేదం. పెదపాడు చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పారు. మా ఇల్లు ఊరి చివర, చేపల చెరువు గట్టుని ఆనుకుని ఉంటుంది. పడమటి గది నిండా ఆయన పుస్తకాలే. చెరువు వైపు గోడ పొడుగునా నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు కొట్టించి, రెండేసి వరసల్లో సర్దుకున్నారు. నాకు ఊహ తెలిశాక ఆ గోడ రంగేమిటో చూసిన గుర్తు లేదు. తలుపు తీస్తే చెమ్మ పట్టిన కాగితం వాసన, కిటికీలోంచి చెరువు నీచు వాసన, రెండూ కలిసి వచ్చేవి. నాకది నాన్న వాసన.

ఆయన పోయాక అమ్మకి తోడుగా మేమే ఆ ఇంటికి వచ్చేశాం. నేను ఏలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. మా ఆయన అనిల్ కుమార్ మండవల్లి దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజరు. తెల్లవారుజామున బండి మీద వెళ్లి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికొచ్చేస్తారు. మా పాప సిల్వియాకి అప్పుడు ఎనిమిదేళ్లు.

వచ్చిన మూడో నెల నుంచి పాపకి ఆయాసం మొదలైంది. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. ఊపిరి లోపలికి లాగుతుంటే డొక్కలు ఎగిరిపడేవి. ఏలూరు తీసుకెళ్తే డాక్టరుగారు మందులు రాసి, "ఇంట్లో పాత పుస్తకాలేమైనా ఉన్నాయామ్మా?" అని అడిగారు.

ఒక గది నిండా ఉన్నాయన్నాను.

ఆకివీడులో యోసేపుగారని నాన్న స్నేహితులు, చర్చి ఆవరణలో చిన్న పఠన మందిరం నడుపుతున్నారు. అడిగితే సంతోషంగా తీసుకుంటామన్నారు. రెండు ట్రక్కు ఆటోలు నిండాయి. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆటోలు మలుపు తిరిగాక, "అన్నీ పంపేశావా? ఒక్కటైనా ఉంచలేదా?" అంది.

"పాప కోసం కదమ్మా."

"ఒకటి ఉంచాల్సింది," అని లోపలికి వెళ్లిపోయింది.

పుస్తకం లేకపోతే నాకూ తోచదు. ఆ సంగతి తెలిసిన మా ఆయన పెదనాన్నగారబ్బాయి శ్యామ్ సుందర్ నాకొక ఈ-రీడర్ తెచ్చిచ్చాడు. అతను ఓడల్లో ఇంజినీరు. సింగపూర్‌లో కొన్నాడట. రెండు వేల ఎనిమిదిలో మా వైపు అలాంటిది ఎవరూ చూసి ఎరగరు. పలక కంటే చిన్నది, బూడిద రంగు తెర. తెరకి తన వెలుగంటూ ఉండదు, అచ్చు కాగితంలాగే దీపం కింద పెట్టుకుని చదవాలి. పక్కనున్న మీట నొక్కితే 'టిక్' మని తెర ఒక్కసారి నల్లబడి, తర్వాతి పేజీ వస్తుంది. అడుగున పేజీ నంబరు. తెలుగు రాదు కానీ, ఇంగ్లీషు పుస్తకాలు రెండొందలు ఎక్కించి ఇచ్చాడు. దుమ్ము లేదు, పురుగు లేదు, చెమ్మ వాసన లేదు.

పది రోజుల్లో పాపకి పిల్లికూతలు ఆగిపోయాయి. మందులతో పని లేకుండా హాయిగా నిద్రపోయింది. నేను దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

పడమటి గది ఖాళీ అయ్యాక అరలు కూడా తీయించాం. గోడ బయటపడింది. మధ్యలో పెద్ద చెమ్మ మరక. సున్నం వేయించినా మూడో రోజుకి మళ్లీ అక్కడే తేలింది. ఇల్లు చెరువు పక్కన కదా అనుకున్నాం. ఆ మరక కనపడకుండా ఇనప బీరువా అడ్డం పెట్టించాను. గదిలో ఒక మంచం, నాన్న కుర్చీ, బీరువా మిగిలాయి. సాయంత్రాలు నేను ఆ కుర్చీలోనే కూర్చుని చదువుకునేదాన్ని. ఈ-రీడర్ అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి కాలేజీకి వెళ్లేదాన్ని.

ఒక సోమవారం నేను అరవై ఒకటో పేజీలో ఆపాను. నాకు బాగా గుర్తు, అక్కడ ఒక అధ్యాయం అయిపోతుంది. మంగళవారం సాయంత్రం తీస్తే అరవై రెండు.

మీట తగిలుంటుందిలే అనుకున్నాను. వెనక్కి వచ్చి చదువుకున్నాను. బుధవారం మళ్లీ ఒక పేజీ ముందుకెళ్లింది. గురువారం రెండు, శుక్రవారం మూడు. ఆ తర్వాత వారం ఒక రోజు ఏడు.

అప్పుడు మొదలైంది నాకు అనుమానం.

మధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఇద్దరే, అమ్మ, మా ఆయన. నాలుగున్నరకి పాప బడి నుంచి వస్తుంది. నేను చేరేసరికి ఆరు. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ పుస్తకాలు పంపినందుకు మనసులో కోపం ఉండి, నన్ను ఉడికించడానికి మీట నొక్కుతోందేమో! వెంటనే సిగ్గేసింది. అయినా, ఆ సాయంత్రం అమ్మ చేతుల వైపే చూశాను.

"ఏంటే అలా చూస్తావ్?"

"నాన్న గదిలోకి వెళ్తున్నావా అమ్మా, మధ్యాహ్నాలు?"

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపింది. "ఆ గదిలోకి నేను మీ నాన్నగారు ఉన్నప్పుడే వెళ్లేదాన్ని కాదు," అంది.

ఇక మిగిలింది మా ఆయన. అడిగితే నవ్వేశారు. "నాకు ఇంగ్లీషు నవలలా? చేపల లెక్కలు చదివేసరికే కళ్లు పోతున్నాయి."

మర్నాడు నేను వంద దాటిన పేజీ నంబరు చీటీ మీద రాసుకుని, ఈ-రీడర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని కాలేజీకి వెళ్లాను. ఆ రోజు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం వచ్చి తాళం తీశాను.

పదకొండు పేజీలు.

"ఏవండీ, బీరువాకి రెండో తాళంచెవి మీ దగ్గరుందా?"

ఆయన కాళ్లు కడుక్కుంటున్నవారు అలాగే ఆగిపోయారు. "నన్ను అనుమానిస్తున్నావా నిస్సీ?"

"కాదండీ... మరి ఎవరు?"

"ఆ దిక్కుమాలిన డబ్బా చెడిపోయింది. దానికోసం మొగుణ్ణి దొంగని చేస్తావా?"

పెళ్లయిన పదేళ్లలో ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ రోజు మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా భోంచేశాం. పాప మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేను అది గమనించాను. కానీ అప్పుడు అడగలేదు.

ఏలూరులో పవర్‌పేట వైపు దుర్గాసాయి అని ఒకతను కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మా కాలేజీ కంప్యూటర్లు కూడా అతనే చూస్తాడు. అతని దగ్గర నాలుగు రోజులు ఉంచాను. శనివారం వెళ్తే దాన్ని నా ముందు పెట్టాడు.

"మేడంగారూ, ఏ తప్పూ లేదండీ. నాలుగు రోజులు బల్ల మీదే పెట్టి చూశాను. మీరిచ్చిన పేజీ మీదే ఉంది, ఒక్క పేజీ కదల్లేదు."

"నిజంగానా?"

"ఒట్టండీ. కాకపోతే చార్జింగు పిన్ను పోయింది. విజయవాడ నుంచి తెప్పించాలి, వారం పడుతుంది. ఇప్పుడు బ్యాటరీ పూర్తిగా అయిపోయింది."

"మరి పేజీ కనపడుతోందిగా?"

"ఈ తెర అంతేనండీ. కరెంటు లేకపోయినా ఆఖరున ఉన్న పేజీ అలా అచ్చుపడి ఉండిపోద్ది. పేజీ మారాలంటే మాత్రం బ్యాటరీ కావాలి. అది లేకపోతే మీరు ఎంత నొక్కినా మారదు." అతనే మీట నాలుగుసార్లు నొక్కి చూపించాడు. మారలేదు. నూట నలభై.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మనసు తేలికపడింది. మా ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాను. ఇంటికి రాగానే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక వారం దాకా దాని జోలి లేదు.

సోమవారం చీర కోసం బీరువా తీశాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

నూట డెబ్భై నాలుగు.

చీర తీసుకోకుండానే తలుపు మూసేసి, ఒంట్లో బాగోలేదని కాలేజీకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం దాకా వంటింట్లోంచి కదల్లేదు. మా ఆయన వచ్చాక చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. గదిలోకి వెళ్లి, దాన్ని చేతిలోకి తీసుకుని, మీట నొక్కి నొక్కి చూసి తిరిగి పెట్టేశారు. బయటికొచ్చి చేతులు లుంగీకి తుడుచుకున్నారు. "తడిగా ఉందేంటి?" అన్నారు.

నాలుగున్నరకి పాప వచ్చింది. పాలు తాగి, సంచి పడేసి, తిన్నగా పడమటి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. రోజూ అదే వరస అట. అమ్మ చెప్పింది, నేను ఇంట్లో ఉండను కాబట్టి నాకు తెలియదు.

తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పాప గొంతు వినపడుతోంది. టీచరమ్మ ఆట.

"అది 'తేర్' కాదు. 'దేర్'. మళ్లీ అను."

నిశ్శబ్దం.

"ఊహూ... నాలిక ఇలా పెట్టాలి. చూడు, ఇలా."

మళ్లీ నిశ్శబ్దం. ఈసారి కాస్త ఎక్కువసేపు.

"ఆ... ఇప్పుడు సరిగ్గా అన్నావ్."

తలుపు తోశాను. పాప నేల మీద మఠం వేసుకుని, బీరువా వైపు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. గదిలో ఎవరూ లేరు. చెమ్మ మరక మాత్రం బీరువా పక్క నుంచి బయటికి పాకి, దగ్గర దగ్గర మంచం దాకా వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు తల్లీ?"

పాప తప్పు చేసినట్టు తల దించుకుంది. "బీరువాలో పెట్టాక నేను ముట్టుకోలేదమ్మా. ముందు నేనే చదివి వినిపించాను, నిజమే. కిటికీ మీద ఉన్నప్పుడు. రోజుకో పేజీ. తర్వాత దానికే చదవడం నేర్పించమంది. అందుకని నేర్పించాను."

"ఎవరు?"

"పుస్తకాల వెనక ఉండేది."

పాప చేతులు రెండూ పట్టుకున్నాను. "ఎలా ఉంటుంది?"

పాప ఆలోచించింది. "కనపడదు. వింటుంది. తాతయ్య రోజూ చదివేవారంట. తాతయ్య రావట్లేదని ఏడ్చింది. నువ్వు పుస్తకాలు పంపేశావని కూడా చెప్పింది."

వెనక ఏదో కిందపడ్డ చప్పుడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గ్లాసు జారిపోయింది.

"మీ నాన్నగారు పైకి చదివేవారు," అంది అమ్మ. "ఈ కుర్చీలో, గోడకి ఎదురుగా కూర్చుని. జ్వరం వచ్చినా మానేవారు కాదు. గొంతు బొంగురుపోయేది. ఎవరికండీ అంత గట్టిగా చదువుతారు, ఆపెయ్యొచ్చుగా అంటే, 'ఆపితే ఊరుకోదు సువార్తా' అన్నారు. పరాచికానికి అన్నారనుకున్నాను..."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను?"

ఆ సాయంత్రమే బయల్దేరి ఏలూరులో ఎక్కడైనా ఉందామని అన్నారు మా ఆయన. ఆటో పిలుచుకురావడానికి ఊళ్లోకి వెళ్లారు. అమ్మ, నేను సంచుల్లో బట్టలు కుక్కుతున్నాం. ఆరు కావొస్తోంది. చెరువు మీద నుంచి మబ్బు కమ్ముకొచ్చి, రోజూ కంటే ముందే చీకటి పడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చెరువుల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. రోజంతా చెవుల్లో మోగే ఆ హోరు ఆగేసరికి, ఇంట్లో చిన్న చప్పుడు కూడా పెద్దగా వినపడసాగింది.

పిల్లికూత.

సన్నగా... ఊపిరి లోపలికి లాగుతున్నట్టు... మళ్లీ బయటికి వదులుతున్నట్టు.

పడమటి గదిలోంచి.

పాపకి ఆయాసం తిరగబెట్టింది! అదొక్కటే నా బుర్రలో ఉంది. టార్చి తీసుకుని పరిగెత్తాను. గది తలుపు తీసి, "సిల్వియా!" అన్నాను.

"ఊ," అంది పాప. నా వెనక నుంచి. అమ్మ కొంగు పట్టుకుని, హాల్లో నిలబడి ఉంది. పాప ఊపిరి మామూలుగా ఉంది.

గదిలో పిల్లికూత ఆగలేదు.

తడి కాగితం వాసన గుప్పున కొట్టింది. ఒక్క పుస్తకం కూడా లేని గదిలో, పదిహేను వందల పుస్తకాలు నానిపోయిన వాసన. ఊపిరి బీరువా దగ్గర నుంచి వస్తోంది. వెనకో... పక్కనో... లోపలో. ఆ ఊపిరి మధ్యలో ఇంకో చప్పుడు.

టిక్.

కాస్త ఆగి, టిక్.

తాళం వేసిన బీరువాలో.

ఎందుకు తీశానో ఈ రోజుకీ చెప్పలేను. తీయకపోతే అది ఎక్కడుందో తెలియకుండా పోతుందని భయమేమో. తాళం తీశాను. టార్చి వెలుగు తెర మీద పడింది. నేను చూస్తుండగానే తెర నల్లబడి తెల్లబడింది. మూడొందల ఎనభై. మీట మీద ఎవరి వేలూ లేదు. మీట మాత్రం లోపలికి దిగింది... పైకి లేచింది. టిక్. మూడొందల ఎనభై ఒకటి. ఇప్పుడు ఆగడం లేదు. టిక్. టిక్. టిక్. ఆత్రంగా, అన్నం దొరికినవాడు తిన్నట్టు. ఊపిరి కూడా వేగం అందుకుంది. నాలుగొందలు. నాలుగొందల ఆరు. నాలుగొందల పన్నెండు...

ఆగిపోయింది.

ఊపిరి కూడా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పాప వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. గుసగుసగా, "అయిపోయింది," అంది. తర్వాత తల పక్కకి వంచి ఏదో విని, "ఇంకోటి కావాలంటోందమ్మా," అంది.

పాపని చంకనేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కాను. మా ఆయన ఆటోలో ఎదురొచ్చారు. సంచులు అక్కడే వదిలేశాం. ఈ-రీడర్ బీరువాలోనే ఉండిపోయింది. బీరువా తాళం వేయలేదు. ఆటో కదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. కరెంటు ఇంకా రాలేదు. ఇల్లు నల్లగా ఉంది, అంతే. మరేమీ లేదు.

ఆ తర్వాత మేం తాడేపల్లిగూడెంలో అద్దెకి దిగాం. కొత్త మేడ, రెండో అంతస్తు. చెమ్మ లేదు, చెరువు లేదు. నాకు అక్కడే స్కూల్లో ఉద్యోగం దొరికింది. సామాను కోసం మా ఆయన పగటిపూట ఇద్దరిని వెంటబెట్టుకుని పెదపాడు వెళ్లొచ్చారు. పడమటి గది తలుపు తెరవలేదన్నారు. ఎందుకని నేను అడగలేదు. మా మధ్య మాటలు మళ్లీ మామూలయ్యాయి. అమ్మ రోజూ మూడుసార్లు ప్రార్థన చేస్తోంది. పాపకి మళ్లీ ఆయాసం రాలేదు.

ఆ ఊసు ఇంట్లో ఎవరం ఎత్తం. పాప కూడా ఎత్తలేదు. నేను ఒకసారి, "అది ఇప్పుడు ఎక్కడుందో తెలుసా?" అని మెల్లగా అడిగితే, "నాకు తెలియదమ్మా," అని ఆటకి వెళ్లిపోయింది. పాప కళ్లలోకి చూస్తే నిజమే చెబుతోందనిపించింది. నమ్మాలనుకున్నాను, నమ్మాను.

క్రిస్మస్‌కి పాపకి ఒక బొమ్మల కథల పుస్తకం కొన్నాను. కాగితం పుస్తకమే. ఇంక అలాంటి యంత్రాలు మా ఇంట్లోకి రానివ్వదలచుకోలేదు.

జనవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక, మధ్యాహ్నం ఎండలో పాప బాల్కనీలో చాప మీద కూర్చుని ఆ పుస్తకం చదువుకుంటోంది. నేను తీగ మీద బట్టలు ఆరేస్తూ చూస్తున్నాను. ఎంతో ముచ్చటగా ఉంది. వేలు పెట్టి, వరస వరసా చదువుతోంది. అయితే చాప మీద మధ్యలో కూర్చోలేదు. ఒక పక్కకి జరిగి కూర్చుంది. పుస్తకం కూడా ఒళ్లో కాదు, పక్కకి, ఇద్దరికీ కనపడేలా పెట్టింది.

నేను తడి చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పాప ఇంకా పేజీ సగంలోనే ఉంది. గాలి లేదు, తీగ మీద బట్ట కూడా కదలడం లేదు. కాగితం కుడి అంచు మెల్లగా పైకి లేచింది.

పాప తల తిప్పకుండానే దాని మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకుంది.

"ఆగు," అంది విసుగ్గా, గుసగుసగా. "నాదింకా అవ్వలేదు."